ఎండ అందరిదే, కప్పు ఎవరిది?

కృష్ణా డెల్టాకు నీళ్లు వచ్చిన కథ మనకు తెలుసు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువలు దివిసీమ దాకా పారాయి. కరువు సీమ వరి సీమ అయింది. కానీ ఆ నీళ్లు భూమి ఉన్నవాడి పొలంలోకే పారాయి. కాలువ తవ్విన చేతులకు, ఆ పొలంలో నాటు వేసిన చేతులకు కూలి దక్కింది తప్ప మడి చెక్క దక్కలేదు. నీరు పల్లమెరుగు అంటారు గానీ, డెల్టాలో నీరు పట్టాదారును ఎరిగింది.

ఇప్పుడు ఎండ వంతు వచ్చింది.

మొవ్వ మండలం పామర్రు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. కూచిపూడి నాట్యం, క్షేత్రయ్య, పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు అని మండలం గురించి చెప్పుకుంటారు. ఆ జాబితాలో పల్లెల ఊసు ఉండదు, అది వేరే సంగతి. ఒక్కో నియోజకవర్గంలో 10 వేల ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల ప్యానెళ్లు పూర్తిగా ఉచితమని, రాష్ట్రంలో సుమారు 20 లక్షల కుటుంబాలకు ఇస్తామని 2025లో ప్రకటించింది. బీసీలకు కేంద్ర సబ్సిడీ మీద మరో 20 వేల రూపాయలు. 2025 జనవరిలో ముఖ్యమంత్రి కుప్పం నియోజకవర్గం నడిమూరు గ్రామంలో దీన్ని పైలట్‌గా మొదలుపెట్టారు.

ఉచితం అనగానే మనలో రెండు రకాల స్పందనలు వస్తాయి. ఒకటి, 'ఇచ్చేది తీసుకుందాం'. రెండోది, 'ఇదంతా ఓట్ల కోసం'. రెండూ తొందరపాటే. ప్యానెల్ ఉచితమా కాదా అన్నది చిన్న ప్రశ్న. అది తయారుచేసే కరెంటు ఎవరిది, దానివల్ల మిగిలే డబ్బు ఎవరిది, అది కూర్చునే కప్పు మీద రేపు ఎవరి మాట చెల్లుతుంది అన్నవి పెద్ద ప్రశ్నలు.

ధర సంగతి ముందు ముగిద్దాం. 1954లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్ చూపించిన మొదటి సిలికాన్ సోలార్ సెల్, తన మీద పడిన ఎండలో 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. పదేళ్ల కిందట మన మార్కెట్లో దొరికిన నీలిరంగు పాలీ ప్యానెళ్లు 15, 16 శాతం దగ్గర ఉండేవి. ఇప్పుడు టాప్‌కాన్ రకం ప్యానెళ్లు 22 శాతం దాటాయి. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే పదార్థపు పొర వేసిన జంట సెల్‌తో చైనా కంపెనీ లోంగీ 2025లో ప్రయోగశాలలో 34.85 శాతం సాధించింది. బ్రిటన్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ పీవీ అలాంటి ప్యానెళ్లను 24.5 శాతం సామర్థ్యంతో 2024లో అమ్మడం కూడా మొదలుపెట్టింది. ధరల్లో చైనా ఫ్యాక్టరీల ఉత్పత్తి తెచ్చిన పతనం అందరికీ తెలిసిందే. మన దగ్గర సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెళ్లే వాడాలన్న షరతు వల్ల ఆ చవక పూర్తిగా అందదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

సామర్థ్యం పెరగడం ఇంజినీర్లకు సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి అది పల్లెకు చాలా దగ్గరి విషయం. 2 కిలోవాట్లకు పాత ప్యానెళ్లతో 13 చదరపు మీటర్ల కప్పు కావాలి. ఇప్పటివాటితో 9, 10 చాలు. 30 శాతం ప్యానెళ్లు మార్కెట్లోకి వస్తే 7 లోపే సరిపోతుంది. మొన్నటి ప్రభుత్వం గ్రామాల్లో ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. అందులో కట్టమన్న ఇల్లు 340 చదరపు అడుగులు, అంటే 32 చదరపు మీటర్ల కప్పు. ఆ కప్పు మీదే నీళ్ల ట్యాంకు, బట్టల తీగలు, ఎండబెట్టిన మిరపకాయలు, ఎండాకాలం రాత్రుల పడకలు. పక్కింటి గోడ నీడ, కొబ్బరిచెట్టు నీడ సరేసరి. ఊళ్లో మిద్దెల మీద నాలుగు మీటర్లు ఎక్కువైనా తక్కువైనా ఒకటే. పల్లెలో నాలుగు మీటర్లంటే ఇద్దరు పడుకునే చోటు.

కొత్త ప్యానెళ్ల మీద ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పెరోవ్‌స్కైట్‌కి తేమ, వేడి పడవు. మచిలీపట్నం గాలిలో ఆ రెండూ ఉన్నాయి, ఉప్పు అదనం. 25 ఏళ్లు నిలుస్తుందని రుజువయ్యేదాకా కొత్త సరుకు పరీక్షకు మన కప్పులను వాడుకోనివ్వకూడదు.

ఎవరి ఆదా?

కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్య ఘర్ పథకం ఖర్చు 75,021 కోట్ల రూపాయలు, లక్ష్యం కోటి ఇళ్లు. 2 కిలోవాట్ల ప్యానెళ్లకు లక్ష రూపాయలవుతుందని లెక్కగట్టి అందులో 60 వేలు కేంద్రం ఇస్తుంది. 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేలు. అర్హతల్లో ఒకటి, దరఖాస్తుదారుకు సొంత ఇల్లు, ప్యానెళ్లకు అనువైన కప్పు ఉండాలి. దీన్ని మరోసారి చదవండి. ఆనకట్ట కాలంలో భూమి ఎక్కడ నిలబడిందో ఇప్పుడు కప్పు అక్కడ నిలబడింది.

ఈ పథకం ఎవరికి ఎక్కువ గిట్టుబాటు? మన రాష్ట్రంలో ఇంటి కరెంటు టారిఫ్ నెలకు 30 యూనిట్లలోపు వాడేవారికి యూనిట్ 1.90 రూపాయలు. 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. విజయవాడలోనో గుడివాడలోనో రెండు ఏసీలున్న ఇంటివారు 3 కిలోవాట్లు పెట్టించుకుంటే పై శ్లాబుల యూనిట్లే ముందు తగ్గుతాయి. మూడు నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కి వస్తుంది, మిగతా ఇరవై ఏళ్లు లాభం. పైగా 78 వేలు సబ్సిడీ.

ఇప్పుడు పల్లెలో ఇల్లు చూద్దాం. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు జగ్జీవన్ జ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు ఇప్పటికే ఉచితం. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ, చిన్న ఫ్రిజ్ ఉన్న ఇల్లు వంద యూనిట్లు దాటడం తక్కువ. వాళ్లు కట్టే బిల్లు సున్నా. 2 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టాక కట్టే బిల్లు కూడా సున్నా. మరి ఆదా ఎక్కడ జరిగింది? ఆ ఉచిత యూనిట్ల కోసం ప్రభుత్వం డిస్కంకు చెల్లించే డబ్బులో జరిగింది.

ఒక కిలోవాట్ ప్యానెల్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే 2 కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు ఇస్తాయి. ఇంటికి 90 పోగా 150 యూనిట్లు తీగ మీదకు పోతాయి. ఏడాదికి 1,800. ఇలాంటివి 20 లక్షల కప్పులంటే 4,000 మెగావాట్లు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లు. రాత్రీ పగలూ నడిచే థర్మల్‌తో పగలు మాత్రమే పనిచేసే సోలార్‌ను మెగావాట్‌కు మెగావాట్ పోల్చడం సరికాదు, నిజమే. అయినా ఏడాదికి 580 కోట్ల యూనిట్లకు పైగా తయారయ్యే విద్యుత్ కేంద్రం ఇది. దాని స్థలం దళితుల, ఆదివాసుల ఇంటి కప్పులు. స్థలం సేకరించకుండా, పరిహారం ఇవ్వకుండా కట్టే విద్యుత్ కేంద్రం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు.

అందుకే మిగులు యూనిట్ల మాట ముఖ్యం. యూనిట్‌కు రెండు రూపాయలే లెక్కేసినా నెలకు 300 రూపాయలు ఆ ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతాలో పడాలి. అది దానం కాదు, కప్పు పంట. డిస్కంలు ముందుండి వేల ఇళ్లకు ఒకేసారి ప్యానెళ్లు బిగించే పద్ధతికి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఉచిత పథకం నడిచే దారి అదే. ఈ దారిలో ఇంటివారు కొనుగోలుదారు కాదు కాబట్టి ప్యానెల్ ఎవరి ఆస్తి, ఎన్నేళ్లకు ఇంటివారి పేరు మీదకు వస్తుంది, మిగులు ఎవరి ఖాతాలో జమ అవుతుంది అన్నవన్నీ ఒప్పందం కాగితంలోనే తేలతాయి. ఆ కాగితం తెలుగులో ఉండాలి. సంతకానికి ముందే పల్లెలో చదివి వినిపించాలి.

ఇంకో లెక్క. కేంద్రం వాటా పోగా ఇంటికి మిగిలే 40 వేల చిల్లర ఎక్కడి నుంచి వస్తుంది? 2013లో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం ఉంది. 2023లో దాని గడువు మరో పదేళ్లు పెంచారు. ఉప ప్రణాళిక డబ్బును అందరికీ ఇచ్చే పథకాల్లో చూపించి ఖర్చు రాసేయడం మనకు కొత్త కాదు. ఈ 40 వేలు కూడా అందులోంచే తీస్తే, దళితుల పేరు మీద ఉన్న డబ్బుతో దళితుల కప్పు మీద కరెంటు తయారుచేసి, ఆ లాభాన్ని డిస్కం నష్టాలు పూడ్చడానికి వాడినట్టవుతుంది. ఉచిత యూనిట్ల భారం తగ్గడం వల్ల సాంఘిక సంక్షేమ పద్దులో మిగిలే సొమ్ము చదువులకో, భూమి కొనుగోలుకో తిరిగి ఉప ప్రణాళికలోనే చేరాలి. బడ్జెట్ పత్రాలు చదివే విద్యార్థి మిత్రులు వచ్చే మార్చిలో ముందుగా వెతకాల్సిన పద్దు ఇది.

ధనికులు తీగ వదిలేస్తే

సోలార్ చవకైతే పేదలకు మేలు దానంతట అదే జరిగిపోదు అనడానికి పక్కనే ఉదాహరణ ఉంది. పాకిస్తాన్ 2024 ఒక్క ఏడాదిలోనే సుమారు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. బంగళాలు, ఫ్యాక్టరీలు సొంత కరెంటు తయారుచేసుకున్నాయి. విద్యుత్ కేంద్రాలకు చెల్లించాల్సిన స్థిర ఖర్చులు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ప్యానెల్ కొనలేనివారి బిల్లుల్లోకి జారాయి. చివరికి 2025 మార్చిలో ప్రభుత్వం మిగులు యూనిట్ కొనుగోలు ధరను 27 రూపాయల నుంచి 10కి తగ్గించాలని నిర్ణయించింది. మన డిస్కంలు కూడా పెద్ద శ్లాబుల వారి దగ్గర ఎక్కువ వసూలు చేసి చిన్న శ్లాబులను నడిపిస్తున్నాయి. పెద్ద శ్లాబుల వారు ముందుగా సోలార్‌కు మారిపోతే ఆ బరువు ఎటు వాలుతుందో ఊహించడం కష్టం కాదు. ట్రూ-అప్ పేరుతో ఎప్పటివో ఖర్చులు ఇప్పటి బిల్లులో కలపడం ఇప్పటికే చూస్తున్నాం.

అమెరికాలో 2019లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చిన అధ్యయనం మరో విషయం చెప్పింది. నల్లజాతివారు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో, ఆదాయ తేడాను పక్కనపెట్టి లెక్కించినా, ఏ జాతికీ మెజారిటీ లేని ప్రాంతాలకంటే ఇళ్ల మీద సోలార్ 69 శాతం తక్కువ. డబ్బు తేడా ఒక్కటే కారణం కాదని అర్థం. మొదటి ఇల్లు ఎవరిది, సమాచారం ఎవరి వీధికి ముందు వచ్చింది, అమ్మే కంపెనీ మనిషి ఏ వీధిలోకి అడుగుపెట్టాడు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఊరికీ పల్లెకూ మధ్య రోడ్డు దాటని ఏజెంట్లను చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

కాగితంలో కులం, మీటర్‌లో పేరు

డెల్టాలో ఇంకో చిక్కు ఉంది, అది ఢిల్లీలో కూర్చుని పథకం రాసేవారికి తట్టదు. ఇక్కడి పల్లెల్లో చర్చి లేని పల్లె అరుదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్నట్టు కాగితంలో ఉంటే బీసీ-సి. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2022లో కేంద్రం వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ ఇదే విషయాన్ని పరిశీలించాలి. 2025లో రాష్ట్ర హైకోర్టు, మతం మారిన వెంటనే ఎస్సీ హోదా పోతుందని ఒక కేసులో తీర్పు చెప్పింది.

దీన్ని సోలార్‌లోకి తర్జుమా చేస్తే ఇలా ఉంటుంది. ఒకే గోడకు ఇటు అన్న, అటు తమ్ముడు. అన్న సర్టిఫికెట్‌లో ఎస్సీ, తమ్ముడి సర్టిఫికెట్‌లో బీసీ-సి. అన్న కప్పు మీద ప్యానెళ్లు ఉచితం. తమ్ముడికి 80 వేల సబ్సిడీ, మిగతా డబ్బు చేతినుంచి పెట్టుకోవాలి, లేదా అప్పు. అంటరానితనం ఇద్దరికీ ఒకటే, వీధి ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. పల్లెలో ఎవరి ఇల్లయినా ఉచితంగా చేర్చాలని అడగడానికి ఇది సందర్భం. సర్టిఫికెట్ కాదు, వీధి కొలమానం కావాలి.

తర్వాత మీటర్. ఇంటి పట్టా కోడలి పేరు మీద, మీటర్ చనిపోయిన మామ పేరు మీద, ఆధార్‌లో ఇంటిపేరు ఇంకోలా. పెళ్లయిన ఇద్దరు కొడుకులు ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు పెట్టుకున్నా మీటర్ ఒకటే కాబట్టి లెక్కలో ఒకటే ఇల్లు. రేకుల ఇళ్లు, తాటాకు ఇళ్లు అసలు లెక్కలోకే రావు. అందరికంటే పేదవారు ఈ పథకంలో మొదటే జారిపోతారు. వారికి కప్పుతో పనిలేని దారి కావాలి. పల్లె పక్కన ప్రభుత్వ స్థలంలోనో, సాంఘిక సంక్షేమ హాస్టల్ మేడ మీదో ఉమ్మడి ప్యానెళ్లు పెట్టి, ఆ యూనిట్లను రేకుల ఇళ్ల మీటర్లకు పంచవచ్చు. ఇందులో సాంకేతికంగా కష్టం లేదు.

గాలి వచ్చిన రాత్రి

మొవ్వలో ఒక పల్లెలో ఈ పథకం గురించి మాట్లాడుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది: "గాలివాన వచ్చి కరెంటు పోతే, ఈ ప్లేట్లతో ఫ్యాన్ తిరుగుద్దా నాయనా?"

తిరగదు. ఈ పథకంలో వచ్చేది తీగకు కలిపిన సోలార్. తీగలో కరెంటు పోగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. ఎండ మండిపోతున్నా సరే, ఆగిపోతుంది. ఈ సంగతి ప్రచార కాగితాల్లో కనిపించదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను మచిలీపట్నానికీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటినప్పుడు ఇలాంటి ప్యానెళ్లు ప్రతి కప్పు మీదా ఉన్నా, లైన్లు తెగిన పల్లెలో ఒక్క బల్బు వెలిగేది కాదు.

వెలగాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. తక్కువ కరెంటు తినే రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు పది గంటలు నడవడానికి ఒక యూనిట్ నిల్వ చాలు. లిథియం బ్యాటరీల ధరలు కూడా ఏటేటా పడుతున్నాయి, 2024లో ప్రపంచ సగటు ఒక యూనిట్ నిల్వకు 115 డాలర్లకు దిగింది. కేంద్రం బ్యాటరీకి అదనపు సబ్సిడీ ఇవ్వదు. తీర మండలాల్లో రాష్ట్రమే ఇవ్వాలి. ఇంటింటికీ కాకపోయినా, పల్లెకు ఒక చర్చి మీదో అంగన్‌వాడీ మీదో ముందు పెట్టించుకోవచ్చు.

ఆమె అడగని రెండో సంగతి గాలి. మన తీరానికి భవన నిర్మాణ ప్రమాణాలు లెక్కలోకి తీసుకోమనే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద 150 కిలోల ఒత్తిడి. 10 చదరపు మీటర్ల ప్యానెళ్లను పైకి లేపే బలం టన్నున్నర దాకా పోవచ్చు. నాలుగు ప్యానెళ్ల సొంత బరువు 110 కిలోలు. పట్టి ఉంచాల్సింది బోల్టులు, స్లాబు. నలభై ఏళ్ల కిందట ఇచ్చిన కాలనీ ఇళ్లలో స్లాబు పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. అలాంటి స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టు బిగిస్తే, వానాకాలం కారుతుంది, తుపానుకు ప్లేట్లు ఎగిరి పక్కింటి మీద పడతాయి. 1977 నవంబరు 19 చూసిన దివిసీమకు ఎగిరే రేకు అంటే ఏమిటో తెలుసు. ప్యానెళ్లకు ముందు స్లాబు మరమ్మతు, బీమా పథకంలో భాగం కావాలి.

బాగుచేసేదెవరు అన్నది కూడా ముందే తేలాలి. బీహార్‌లోని ధర్నై గ్రామంలో 2014లో గ్రీన్‌పీస్ 100 కిలోవాట్ల సోలార్ కేంద్రం పెట్టింది. బ్యాటరీలు చచ్చిపోయాక బాగుచేసే దిక్కు లేక కొన్నేళ్లకు అది పశువుల కొట్టం అయింది. ఇక్కడ వేల కప్పులు బిగించే పనిలో ఐటీఐ చదివిన పల్లె పిల్లలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల సంఘాలకే నిర్వహణ కాంట్రాక్టు ఇస్తే ఆ దిక్కు పల్లెలోనే ఉంటుంది. లేకపోతే కాంట్రాక్టులు ఊళ్లోకి పోతాయి, ప్యానెళ్లు తుడిచే పని మాత్రం మన పిల్లలకు మిగులుతుంది.

ఆ పెద్దమ్మ ఇంటి మీద పిల్లర్ల చువ్వలు అడుగున్నర పైకి వదిలేసి ఉన్నాయి. కొడుకు ఎప్పటికైనా పైన ఒక గది వేసుకుంటాడని. ప్లేట్లు పెట్టాక గది కట్టుకోవాలంటే తీసి మళ్లీ పెట్టేది ఎవరు, ఖర్చు ఎవరిది అన్నది కాగితంలో రాయించుకున్నాకే సంతకం చెయ్యమని చెప్పాను. "చెయ్యనంటే ఉన్న ఫ్రీ కరెంటు తీసేత్తారేమో" అంది. ప్యానెళ్లు పెట్టించుకున్నా పెట్టించుకోకపోయినా 200 యూనిట్లు కొనసాగుతాయని ఉత్తర్వులో ఒక వాక్యం ఉండాలి. సర్వే బృందాలు పల్లెల్లోకి వచ్చేలోపు రాబట్టాల్సిన మొదటి వాక్యం అదే.